బుగతకు నేల తెలియదు

మొదటి రోజు

జంతువును తీసుకున్నవాళ్లు రోజూ దినచర్య రాసి దిగుమతి కార్యాలయానికి పంపాలట. రాస్తున్నాను. పేరు పైడితల్లమ్మ. పని గొట్టాల మేస్త్రి. ఉండేది అంగారకుడి మీద నాలుగో మకాం, నేల అడుగున రెండో అంతస్తు. ఇవన్నీ మీకు తెలిసినవే. గడి ఖాళీగా వదిలితే కాగితం వెనక్కి పంపుతారని రాశాను.

నేను కుక్కను అడిగి రెండేళ్లయింది. ముద్దు చేసుకోవడానికి అడగలేదు. మా సొరంగాల్లో చల్లదనం కోసం గొట్టాల్లో ఒక వాయువు పారుతుంది. అది కారితే మనిషి ముక్కుకు తెలియదు. గోడ మీది మీటర్లకు తెలియాలి, కానీ వాటిలో ఎర్రదుమ్ము దూరితే ఏం జరిగినా పచ్చలైటే చూపిస్తాయి. నాతో పదేళ్లు పనిచేసిన సన్యాసి పచ్చలైటు కిందనే చచ్చిపోయాడు. అందుకని 'వాసన పట్టడం నేర్చిన కుక్క, ఒకటి' అని రాసి, వేలిముద్ర కూడా వేసి పంపాను.

ఈరోజు ఓడ దిగింది. పెట్టె తెరిచాను. లోపల జానెడు కూన. పుట్టి నలభై ఒక్క రోజులు. కాగితం మీద ఇలా ఉంది: 'తల్లి ప్రయాణంలో మరణించినది. బదులుగా పిల్ల, ఒకటి.'

దిగుమతి అధికారి కమలాకర్ గారి దగ్గరికి వెళ్లి అడిగాను.

"చూడండి పైడితల్లమ్మ గారూ, మీరు కుక్క అడిగారు. కుక్కే వచ్చింది కదా. పెరుగుతుంది" అన్నాడు.

"పెరిగి పని నేర్సుకోడానికి రెండేళ్లు. అందాకా ఎవలు సావాలో కూడా మీరే సెప్పీయండి" అన్నాను.

ఆయన నవ్వాడు. అది నవ్వే మాట కాదు.

సన్యాసి తమ్ముడు సోములు ఏడాదిగా నా జోడీ. నన్ను అప్పా అంటాడు, వాళ్లింట్లో అక్కను అలాగే పిలుస్తారు. ఇద్దరం కూనను నేల మీద పెట్టాం. తడిబట్టలా పరుచుకుపోయింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు. ఓడలో బరువనేది ఉండదు. తొంభై ఆరు రోజుల ప్రయాణంలో యాభై అయిదో రోజున పుట్టిందట. పుట్టిన దగ్గర్నుంచీ గాల్లో తేలింది తప్ప దీని కాలు నేలకు ఆనలేదు.

"అప్పా, దీనికి నేలంటే తెల్దే" అన్నాడు సోములు.

రెండో రోజు

పెట్టెతో పాటు ఒక సూచనల కాగితం వచ్చింది. 'వెచ్చని మూల చూపండి. గిన్నెలో శుభ్రమైన నీరు ఉంచండి. వేళకు ఆహారం పెట్టండి. మూడు రోజుల్లో కుక్కపిల్ల కొత్త ఇంటికి అలవాటు పడుతుంది.' ఇది భూమి మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి విమానంలో వెళ్లే కుక్కల కోసం ఎవరో రాసింది. మీరు తేదీ మార్చి మాకు పంపారు.

వెచ్చని మూల చూపించాను. నీళ్లగిన్నె పెట్టాను. గిన్నె అంటే ఏమిటో దానికి తెలియదు. ఉడికించిన బఠాణీముద్ద నోటికి అందిస్తే, పట్టుకుని, వదిలి, అది గాల్లోనే ఉంటుందని ఎదురుచూసింది. ముద్ద కింద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. మూడోసారికి నా మీద గుర్రుమంది, నేనే లాక్కున్నానన్నట్టు.

బల్ల మీద ఉంచి చేయి తుడుచుకుంటుంటే అంచు దాటి నడిచేసింది. తేలతాననుకుంది. ఇక్కడి బరువు భూమి మీదిదానిలో మూడోవంతు కాబట్టి బతికింది. లేచి నన్నొక చూపు చూసింది. కౌలు ఎగ్గొట్టిన రైతును చూసే భూస్వామి చూపు, మావైపు మాటలో బుగత చూపు. ఆ పేరే పెట్టాను. పేర్లు పెట్టకూడదని, పిల్ల నంబరు ఏడు అనాలని మీ నియమం. అలాగే అనుకోండి. నేను బుగత అంటాను.

నాలుగో రోజు

మూడు రోజులయ్యాయి. బుగత అలవాటు పడలేదు. నీళ్లు ముట్టలేదు. డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి. మెడ దగ్గర తోలు పట్టి వదిలితే అలాగే మడతపడి నిలుస్తోంది.

వైద్యుణ్ని అడిగాను. మనుషుల వైద్యుడు ఆయన, పాపం దిక్కు తోచక బొట్టుబొట్టుగా పట్టి చూడమన్నాడు. కార్యాలయానికి కబురు పెట్టాను. 'మీ దినచర్య అందింది. ధన్యవాదాలు' అని జవాబొచ్చింది.

మధ్యాహ్నం రెండో సొరంగంలో బిగింపు పని ఉంటే బుగతను పైటలో కట్టుకుని వెళ్లాను. చన్నీళ్ల గొట్టం కింద కూర్చుని పానాతో మర బిగిస్తున్నాను. పైటలోంచి మెడ సాచి, గొట్టం మీద పట్టిన చెమ్మను నాకడం మొదలుపెట్టింది. ఒక్కో బొట్టునూ వెతుక్కుని నాకింది. అప్పుడు నా బుర్రకు తట్టింది. ఓడలో నీళ్లు గుండ్రంగా, పూసల్లా తేలతాయి. నీళ్లంటే దానికి పూస. గిన్నెలో బల్లపరుపుగా ఉన్నది నీళ్లని దానికి ఎలా తెలుస్తుంది?

వేలికొసల మీద నీటిబొట్లు వేలాడదీసి పట్టాను. నాకింది. పాలపొడి కలిపి బొట్లు పట్టాను. అదీ నాకింది. సోములూ నేనూ వంతులవారీగా రెండు గంటలు పది వేళ్లూ నాకించుకున్నాం.

ఈ ముక్క మీ సూచనల కాగితంలో రాయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆరో రోజు

బొట్లతో ప్రాణం నిలుస్తోంది కానీ కడుపు నిండడం లేదు. నిద్ర లేదు. ముక్కు ఎప్పుడూ ఒకే వైపు తిప్పి ఉంచుతుంది, ఓడ ఆగిన రేవు వైపు. అటు తిరిగి సన్నగా కీచుమంటుంది. ఒళ్లో పెట్టుకున్నా అంతే.

నిన్న కాగితం మీద 'పిల్ల రెక్కలు మొలిచి ఎగిరిపోయినది' అని రాసి పంపాను. 'మీ దినచర్య అందింది. ధన్యవాదాలు' అని వచ్చింది.

రాయించుకునేదీ మీరే, చదవనిదీ మీరే. అయితే సరే. ఇకనుంచి నాకు నచ్చింది రాస్తాను.

ఏడో రోజు

ఈరోజు జరిగింది రాస్తున్నాను. కోపంతో.

మధ్యాహ్నం భోజనశాలలో సోములూ నేనూ కూర్చున్నాం. బుగత పైటలో ఉంది. ఓడ నడిపే జెకర్యా గారు లోపలికొచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి, సన్నటి మనిషి, ఎవరితోనూ మాట్లాడడు. బరువు అలవాటు తప్పింది కాబట్టి గోడ పట్టుకుని నడుస్తాడు. మా బల్ల పక్కనుంచి వెళ్లాడు.

బుగత నా పైట చించుకుని దూకింది. దూకి, పరుచుకుపోయి, పొట్టతో పాక్కుంటూ వెళ్లి ఆయన పంట్లాం అంచు నోట్లో పెట్టుకుంది. కరవలేదు. కళ్లు మూసుకుని చప్పరిస్తోంది. పాలు తాగుతున్నట్టు ముందుకాళ్లతో ఆయన పాదాన్ని పిసుకుతోంది.

నేను లేచి వెళ్లి వంగాను. పంట్లాం నిండా గోధుమరంగు పొడుగు వెంట్రుకలు. బుగతది పొట్టి జూలు, నలుపు.

"ఇవి ఎవలివి?" అన్నాను.

ఆయన చేత్తో ఆ వెంట్రుకలు దులపబోయాడు.

"ఓడ దిగి ఏడు రోజులైంది. ఈ బట్ట ఉతికినట్టే ఉన్నాది. వెంటికలు తాజావి. తల్లి సచ్చిపోయిందని కాయితం మీద రాసావు. సచ్చిపోయిన కుక్క నీ ఒళ్లో పడుకున్నాదేటి?"

భోజనశాల అంతా చెంచాలు ఆపేసింది. జెకర్యా వంగాడు. బుగతను కాలి మీదనుంచి మెల్లగా తీసి నా చేతుల్లో పెట్టాడు. పెట్టేటప్పుడు దాని తల మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. అలవాటైన చేయి.

"సాయంత్రం ఓడ కాడికి రామ్మా" అని వెళ్లిపోయాడు.

ఎనిమిదో రోజు

నిన్న సాయంత్రమే వెళ్లాను. ఓడ తలుపు దగ్గర మెట్టు మీద ఆయన కూర్చున్నాడు, పక్కన గోధుమరంగు ఆడకుక్క. పేరు జాజి. మెడలో పట్టీ మీద ముద్ర ఉంది: వాసన శిక్షణ, మొదటి తరగతి. నేను రెండేళ్లు ఎదురుచూసిన కుక్క. నా పేరు మీద బయల్దేరిన కుక్క.

చూడగానే ఆయన్ని మెట్టు మీదనుంచి తోసేద్దామనుకున్నాను. నిజం రాస్తున్నాను.

"ఎందుకు సేసావీ పని?"

"ఏం చెప్పేదమ్మా. మూడు పిల్లల్ని ఈనింది. రెండు నా అరచేతుల్లోనే పోయినయ్యి. పాలు గాల్లోకి తేలిపోతుంటే నోటికి అందిచ్చేదానికి నానా తిప్పలు పడ్డా. మూడోదాన్ని బతికిచ్చినాం, నేనూ ఇదీ. తొంభై ఆరు రోజులు. ఇంకో మనిషి మాటే లేదు. ఇది పిల్లల్ని పోగొట్టుకుని నా చంకలో తలపెట్టి పడుకునేది. దిగేరోజు పెట్టెలో పెడదామంటే నా చెయ్యి రాలా."

"పిల్లని పెట్టడానికొచ్చిందా సెయ్యి?"

తల వంచుకున్నాడు.

"ఒక్కటన్నా ఇయ్యకపోతే ఊరుకోరు గదా అనుకున్నా."

"ఆరు వారాల పిల్లని తల్లి కాడనుంచి లాగీసి, దాని ముక్కుకి తల్లి వాసన తగిలేంత దూరంలోనే ఉంచావు. ఏడు రోజులుగా అది రేవు వైపు తిరిగి ఏడుస్తన్నాది. నీకు తెల్దా?"

"జాజి కూడా తలుపు గీరుతానే ఉందమ్మా."

ఆ మాటతో నాకు ఇంకా మండింది. తెలిసీ ఊరుకున్నాడు. సన్యాసి ఎలా పోయాడో చెప్పాను. పచ్చలైటు కింద, పానా చేతిలో ఉండగానే, గోడకు ఆనుకుని నిద్రపోతున్నట్టు. "నీకు తోడు కావాలని దీన్ని దాసుకున్నావు. మాకు ఊపిరి కావాలని అడిగాము" అన్నాను.

ఆయన ఏడ్చాడు. నేను జాలిపడలేదు. ఏడిస్తే ఏమవుతుంది?

"పాతరోజుల్లో ఈ ఓడలో రెండు కుర్చీలుండేయి" అన్నాడు. "రెండోది పీకేసి ఆ చోట్లో సరుకు పెడతన్నారు. పదకొండు ట్రిప్పులు ఒక్కణ్నే తిప్పినా. నేను జేసింది తప్పే. కుర్చీ సంగతి కూడా తెలియాలని చెప్తుండా."

ఓడ లోపలికి తొంగి చూశాను, కుర్చీ ఒక్కటే ఉంది. వెళ్లిపోయాను.

తొమ్మిదో రోజు

పొద్దున్నే జెకర్యా తనే జాజిని తీసుకొచ్చాడు. జాజి కాళ్లు వణుకుతున్నాయి, అయినా నడుస్తోంది. గది తలుపు తీయకముందే లోపల బుగత అరుపు మొదలుపెట్టింది, ఇన్నాళ్లూ వినని అరుపు. తలుపు తీశాను. జాజి బుగతను ముక్కుతో వెల్లకిలా తిప్పి తల నుంచి తోక దాకా నాకి, అక్కడే పక్కకు ఒరిగింది. బుగత పాకి పొదుగు పట్టుకుంది.

సోములు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. జెకర్యా గుమ్మంలోనే నిలబడ్డాడు. రమ్మని నేననలేదు. వెళ్లమనీ అనలేదు.

తాగాక బుగత పడుకుంది. మొదటిసారి నిద్రపోయింది. నాలుగు గంటలు.

పన్నెండో రోజు

జాజి లేచి నిలబడితే బుగత పొదుగు అందుకోవాలి. అందుకోవాలంటే నిలబడాలి. నిన్నంతా లేవడం, పడడం. ఈరోజు నాలుగు కాళ్ల మీద నిలబడి, వణుకుతూ, తాగింది. నేను అయిదు రోజులు వేళ్లు నాకించి నేర్పలేనిది తల్లి రెండు రోజుల్లో ఆకలి చేత నేర్పించింది.

జెకర్యా రోజూ వస్తున్నాడు. ఓడలో జాజి తినే అలవాటు ప్రకారం మెతుకులు వేలితో నోట్లో పెడతాడు. గిన్నెలో తినడం దానికీ మళ్లీ నేర్పాల్సి వచ్చింది. సోములూ ఆయనా మాటల్లో పడ్డారు. నేను పడలేదు.

పదమూడో రోజు

జాజిని ఐదో సొరంగానికి తీసుకెళ్లాను, ఒళ్లు కదులుతుందని. అక్కడ పదకొండు మంది తవ్వకం పనిలో ఉన్నారు. మలుపు దగ్గర జాజి ఆగింది. గొట్టం అతుకు వైపు ముక్కెత్తి, కూర్చుని, ఒక్కసారి మొరిగింది. లేవలేదు. మళ్లీ మొరిగింది.

మీటరు పచ్చగా ఉంది.

"బయటికి! అందరూ బయటికి లగెత్తండి!" అని అరిచాను. ఒకాయన పచ్చలైటు చూపించి ఏదో అనబోయాడు. నా చేతిలో పానా ఉంది. అది ఎత్తాను. పరిగెత్తారు. సోములు ఆఖరివాణ్ని రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. తలుపు మూసి, ముసుగు వేసుకుని నేనొక్కదాన్నే వెనక్కి వెళ్లి చూశాను. అతుకు దగ్గర వేలు పట్టేంత పగులు. ఇంకో అరగంట ఆగితే పదకొండు మందీ గోడకు ఆనుకుని నిద్రపోయేవాళ్లు.

బయటికొచ్చి జాజి పక్కన కూలబడ్డాను. సన్యాసి పోయినప్పుడు కూడా ఇంతలా ఏడవలేదు. మీ నవ్వు గుర్తొచ్చింది కమలాకర్ గారూ.

పధ్నాలుగో రోజు

పదకొండు మంది బతికారంటే ఎవరు బతికించారని అడుగుతారు కదా. కమలాకర్ గారు వచ్చారు. జెకర్యా ఎదురెళ్లి, తను అబద్ధం రాశానని తనే చెప్పేశాడు. నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఒక్కదానికి ఆయన మీద నా కోపం కొంచెం దిగింది.

కమలాకర్ గారి ఇబ్బంది వేరు. "రికార్డులో చనిపోయిన జంతువుకి గాలి కేటాయింపు ఉండదండీ. దాన్ని తిరిగి ఓడ ఎక్కించేయండి. ఇక్కడ నంబరు ఏడు ఒక్కటే ఉంది" అన్నారు.

"రికార్డు దిద్దండి."

"అంత సులువు కాదు. పై నుంచి అనుమతి రావాలి."

"నిన్న బయటికొచ్చినోలు పదకొండుమంది. ఆల గాలంతా మీకు మిగిలిపోయీది కదా, జాజే లేకపోతే. అందులోంచి ఓ కుక్కకి సరిపడా ఇయ్యలేరా?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఐదో సొరంగం మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు, వాళ్లే వచ్చారు. రికార్డు అక్కడికక్కడే దిద్దాడు. మూడు నిమిషాలు పట్టింది.

పదహారో రోజు

ఎల్లుండి ఓడ బయల్దేరాలి. జెకర్యా జాజిని అడగలేదు. "దానికి ఈడ పనుంది" అన్నాడు, అంతే. బుగత ఆయన బొటనవేలు కొరుకుతుంటే కొరకనిచ్చాడు.

అప్పుడు నాకు మళ్లీ మండింది. ఈసారి ఆయన మీద కాదు. మనిషిని తొంభై ఆరు రోజులు ఒక్కణ్నే డబ్బాలో పెట్టి మూతేసి, వాడు కుక్కను దొంగిలిస్తే వాడిదే తప్పంటున్నాం. ఆ తప్పు వల్ల మాలో పదకొండు మంది పోయేవాళ్లు. కుర్చీ పీకినవాడి పేరు ఏ కాగితం మీదా లేదు.

ఓడకు ఇంధనం వెళ్లే గొట్టం నా చేతి కింద ఉంటుంది. ఈ ఉదయం తిప్పుడుచక్రం బిగించేసి తాళం వేశాను. కమలాకర్ గారికి కబురు పంపాను: రెండో కుర్చీ పెట్టండి, రెండో మనిషిని పంపండి, అప్పుడు తీస్తాను.

'మీ దినచర్య అందింది' అని రాలేదు ఈసారి. ఆయనే పరిగెత్తుకొచ్చారు.

"ఇది నేరం. తెలుసా మీకు?"

"తెలుసు. రాసుకోండి."

"రెండో మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు? ఎవరు వెళ్తారు?"

"నానెల్తాను" అన్నాడు సోములు.

నేను అనుకోని మాట అది. వాడి వైపు తిరిగాను.

"అన్న పోయిన సొరంగంలోంచే దినాం నడస్తన్నాను అప్పా. నీతో సెప్పలేకపోనాను. ఊపిరి అందదు నాకక్కడ. కొన్నాళ్లు ఎల్లొస్తాను" అన్నాడు.

వాణ్ని కూడా తిట్టాను. ఏడాదిగా పక్కనే ఉండి చెప్పనందుకు. ఏడాదిగా పక్కనే ఉండి కనిపెట్టలేకపోయినందుకు నన్ను నేను తిట్టుకున్నది వాడికి వినిపించలేదు.

పంతొమ్మిదో రోజు

ఒకరోజు ఆలస్యంగా ఓడ బయల్దేరింది. సరుకు పెట్టెలు దింపి, పాత కుర్చీని గిడ్డంగిలోంచి వెతికి తెచ్చి, నేనే బిగించాను. నాలుగు మరలకు నాలుగూ రెండేసిసార్లు తిప్పి చూశాను. నా మీద విచారణ ఉంటుందట. ఉండనీ.

జెకర్యా జాజి మెడ కావిలించుకుని చాలాసేపు కూర్చున్నాడు. లేచి, "క్షమించమని అడగనమ్మా" అన్నాడు.

"అడక్కు. మావోణ్ని జాగర్తగా సూసుకో" అన్నాను. "ఆడికి రెండు పూటలా అన్నముండాల. మాటాడకపోతే నువ్వే మాటాడించు."

"మాట్లాడిస్తాలే" అన్నాడు. సోములు నా కాళ్లకు దండం పెట్టబోతే చెయ్యి పట్టి లేపి లోపలికి తోశాను.

తలుపు పడింది. నేల అదిరింది. జాజి ఆ తలుపు ముందు కూర్చుండిపోయింది. పిలిచాను, రాలేదు. లాగలేదు నేను. పక్కనే కూర్చున్నాను. బుగత ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగి, అలసిపోయి, తల్లి పాదాల మీద పడి నిద్రపోయింది. జాజికి ఏం చెప్పను? మనిషినైతే ఏదో ఒక అబద్ధం చెప్పి ఓదార్చేదాన్ని.

సాయంత్రం పని గంట మోగింది. రెండో వంతువాళ్లు సొరంగాల వైపు నడుస్తున్నారు. జాజి లేచింది. ఒళ్లు దులుపుకుని, మూసిన తలుపును ఒకసారి వాసన చూసి, ఎవరూ చెప్పకుండానే వాళ్ల వెంట నడిచి అందరికంటే ముందుకు వెళ్లింది. నేను బుగతను ఎత్తుకుని, పానా తీసుకుని దాని వెనక వెళ్లాను.